పెట్టెలో నలుగురు డప్పు వాద్యగాళ్ళు!

తెరమీద హీరో ఇంకా కాలు కదపడు. ముందు డప్పు మోగుతుంది. ఆ ఒక్క దెబ్బకే హాల్లో ఈలలు, చింపిన కాగితాల వాన! పాట ఎవరు రాశారో మీకు తెలుసు, ఎవరు పాడారో తెలుసు, స్టెప్పులు వేయించిన మాస్టారెవరో కూడా తెలుసు. మరి ఆ డప్పు కొట్టిందెవరు? తెలీదు కదూ! టైటిల్స్‌లో వెతికినా దొరకదు. దానికో కారణం ఉంది. చాలా పాటల్లో, రికార్డింగ్ జరిగిన రోజున స్టూడియోలో డప్పే లేదు! ఎప్పుడో, ఎక్కడో, ఎవరో కొట్టిన ఒక్కొక్క దెబ్బ ఒక ఇనప పెట్టెలో దాక్కుని ఉంటుంది. కీబోర్డు మీద మెట్టు నొక్కితే ఆ దెబ్బ బయటికొస్తుంది. అంతే!

ఆ ఇనప పెట్టె పేరే శాంప్లర్. ఈ వారం మీతో దాని గురించే మాట్లాడదామని. పెట్టె గురించి అంటే మళ్ళీ పెట్టె గొప్పలు చెబుతాననుకునేరు. గొప్పలు కాదు, దానికున్న ఒక పెంకె గుణం గురించి. నాదాన్ని లోపలికి తీసుకోవడం దానికి చాలా ఇష్టం. బయటికి, ఇంకో యంత్రానికి ఇవ్వమంటేనే మొండికేస్తుంది! దాన్ని ఒప్పించి, బుజ్జగించి, పక్కవాడితో మాట్లాడించాలంటే అదో పెళ్ళి సంబంధం కుదర్చడమంత పని. ఆ పని మొన్న కృష్ణానగర్లో ఒక మిత్రుడి గదిలో మూడు రోజులు కూర్చుని చూశాను. ఆ పెట్టెలో చిక్కుకుని ఉన్నది మామూలు సరుకు కాదు మరి. నలుగురు మనుషుల చేతివాటం!

ముందు ఈ పెట్టె పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నిజమైన వాద్యపు శబ్దాన్ని మెట్లకింద దాచాలన్న ఆశ పాతదే. 1963లో ఇంగ్లండులో మెలోట్రాన్ వచ్చింది. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క! మెట్టు నొక్కితే టేపు తిరుగుతుంది, వయొలిన్లు మోగుతాయి. 1979లో ఆస్ట్రేలియాలో ఫెయిర్‌లైట్ అనే యంత్రం టేపును తీసేసి, శబ్దాన్ని అంకెలుగా మార్చి దాచింది. 1981లో కాలిఫోర్నియా నుంచి ఎమ్యులేటర్. దాని మొట్టమొదటి పెట్టె స్టీవీ వండర్ ఇంటికి వెళ్ళింది. ఆ తర్వాత జపాన్ అకాయి వాళ్ళు రంగంలోకి దిగారు. 1986లో ఎస్ 900, 1988లో ఎస్ 1000, 1990ల నడుమ ఎస్ 3000 ఎక్స్‌ఎల్. ప్రపంచంలో సగం స్టూడియోల్లో ఇవే కూర్చున్నాయంటే అతిశయోక్తి కాదు.

మన దక్షిణాది చిత్రసీమ కూడా వెనకబడి ఏమీ లేదు. 1986లో ఇళయరాజా 'పున్నగై మన్నన్'కి కంప్యూటర్ సీక్వెన్సర్ వాడి అందరినీ నోరు వెళ్ళబెట్టేలా చేశారు. మనవాళ్ళు దాన్ని 'డాన్స్ మాస్టర్'గా చూశారు. మన రాజ్-కోటి పాటలకు కీబోర్డు దగ్గర కూర్చున్న ఒక కుర్రాడు 1989లో చెన్నైలో ఇంటి పక్కనే సొంత రికార్డింగ్ స్టూడియో పెట్టుకున్నాడు. 1992లో 'రోజా' వచ్చింది. ఆ కుర్రాడి పేరు మీకు చెప్పక్కరలేదు. ఆ తర్వాత మన సినిమా ఊళ్ళో కొత్త వృత్తి ఒకటి పుట్టింది, ప్రోగ్రామర్ అని. పెద్ద ఆర్కెస్ట్రా వాళ్ళు ఇళ్ళకు పోయాక కూడా రాత్రంతా ఒంటరిగా కూర్చుని పెట్టెలో నాదాలు సర్దుకునే మనిషన్నమాట.

నా మిత్రుడు అలాంటి ప్రోగ్రామరే. పేరు రాయవద్దన్నాడు. "నా పేరెందుకు గురూ, రాస్తే వాళ్ళ పేర్లు రాయాలి" అన్నాడు. వాళ్ళంటే ఎవరో ఇక చెబుతాను.

కాల్‌షీటు అయిపోయాక...

1998. హైదరాబాదులో ఒక జానపద పాట రికార్డింగు. వరంగల్ వైపు నుంచి నలుగురు డప్పు వాద్యగాళ్ళు వచ్చారు. స్టూడియో వెనక ఖాళీ స్థలంలో కాగితాలు, గడ్డి పోగేసి మంటపెట్టి డప్పులు కాచుకున్నారు. వేడి తగలందే తోలు బిగుసుకోదు, నాదం పలకదు. ఏసీ గదిలోకి వచ్చిన పావుగంటకే మళ్ళీ చల్లబడి డప్పు నసుగుతుంది, మళ్ళీ బయటికి పరుగు! ఇంజనీరు తలపట్టుకున్నాడట. ఎలాగో పాట అయింది. డబ్బులు పుచ్చుకుని వాళ్ళు బయల్దేరబోతుంటే మా వాడు ఆపాడు. "అన్నా, ఇంకొక్క గంట. ఒక్కొక్కరు ఒక్కొక్క దెబ్బ విడివిడిగా కొట్టండి. కుడిచేతి సిర్రతో వేరే, ఎడమ చేతి చిటికెన పుల్లతో వేరే. గట్టిగా ఒకటి, మెల్లగా ఒకటి." జేబులోంచి డబ్బు ఇచ్చాడు. వాళ్ళకు ఇదంతా వింతగా తోచిందట. ఒక్క దెబ్బ కొట్టి ఆగమంటాడేమిటి, పిచ్చివాడా! అయినా కొట్టారు.

ఆ దెబ్బలు, వాటితో పాటు ఇంకెన్నో నాదాలు (సన్నాయి, జమిడిక, కొమ్ము, ఒక పాత హార్మోనియం) అన్నీ కలిసి అరవై ఎనిమిది ఫ్లాపీల్లో చేరాయి. మూడున్నర అంగుళాల చదరపు బిళ్ళలు. మీలో చాలామంది వాటిని కంప్యూటర్లో 'సేవ్' బొమ్మగా తప్ప చూసి ఉండరు! ఒక్కో బిళ్ళలో మంచి నాణ్యతలో పట్టే శబ్దం ఎంతనుకున్నారు? సుమారు పదహారు, పద్దెనిమిది సెకన్లు. అంతే. పాట పల్లవి కూడా పూర్తిగా పట్టదు!

ఇప్పుడు చిక్కేమిటంటే, ఫ్లాపీ కూడా ముసలిదవుతుంది. పైనున్న అయస్కాంతపు పూత వదులవుతుంది, తేమకు బూజు పడుతుంది. బూజు పట్టిన బిళ్ళను పెట్టెలో పెడితే చదివే తల కూడా పాడు. పోనీ పెట్టె లోపలి జ్ఞాపకంలో ఉంచేద్దామా అంటే, అది కరెంటు ఉన్నంతసేపే. కరెంటు పోయిందా... అంతా తుడిచిపెట్టుకు పోయినట్టే! మళ్ళీ ఫ్లాపీ నుంచి చదవాలి. చదివిన ప్రతిసారీ ఆ బిళ్ళ ప్రాణం కొంచెం తగ్గుతుంది.

ఇన్నేళ్ళూ పట్టని ఈ దిగులు ఇప్పుడెందుకు పట్టుకుంది? ఒక సంగీత దర్శకుడి దగ్గర పనిచేసే కుర్రాడు మా వాడిని వెతుక్కుంటూ వచ్చాడు. "అన్నా, సోమవారానికి పాట పోవాలి. మీ దగ్గర అసలు సిసలు డప్పు ఉందంట గదా" అని. అంతలోనే తనే, "లేకుంటే ఏదో లైబ్రరీ కొనుక్కుంటే అయిపోద్దిలే" అన్నాడు.

"కొనుక్కో. మరి పోయినవారం వచ్చిన రెండు పాటల్లోనూ అదే లైబ్రరీ డప్పు. నీది మూడోది" అన్నాడు మా వాడు. కుర్రాడు నోరు మూసుకుని కుర్చీ లాక్కున్నాడు. నాకు నచ్చిన సమాధానం అది. అమ్మకానికి దొరికే నాదాలు బాగోవని కాదు, బ్రహ్మాండంగా ఉంటాయి. కానీ ఊరందరికీ ఒకే డప్పు అయితే ఇక ఊరేమిటి!

మిడి దారి: ఉత్తరం వెళ్ళింది, పేరు వెళ్ళలేదు

పెట్టె వెనక అయిదు సూదుల గుండ్రటి రంధ్రాలు మూడు ఉంటాయి. ఇన్, అవుట్, త్రూ. అదే మిడి. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులు, ప్రాఫెట్-600, జూపిటర్-6, ఒక తీగతో మాట్లాడుకున్నాయి. దాని వెనక ఉన్న డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషి అనే పెద్దమనుషులిద్దరికీ 2013లో గ్రామీ వాళ్ళు సాంకేతిక పురస్కారం ఇచ్చారు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. మిడి తీగలో శబ్దం పారదు! 'ఈ మెట్టు నొక్కు, ఇంత గట్టిగా నొక్కు, ఇప్పుడు వదులు' అన్న ఆజ్ఞలు మాత్రమే పారతాయి. వయొలిన్ వాద్యగాడికి స్వరాలు రాసిన కాగితం ఇచ్చినట్టు. కాగితం మోగదు కదా! మరి శబ్దాన్నే పంపాలంటే? అందుకోసం తర్వాత ఒక ప్రత్యేక ఒప్పందం రాసుకున్నారు, శాంపిల్ డంప్ స్టాండర్డ్ అని. కంపెనీ ఏదైనా, ఈ పద్ధతి తెలిసిన పెట్టెలు ఒకదానికొకటి నాదాన్ని అందించుకోవచ్చు.

మా వాడు మొదట ఈ దారే పట్టాడు. పెట్టె అవుట్ నుంచి కంప్యూటర్ ఇన్‌కి ఒక తీగ, కంప్యూటర్ అవుట్ నుంచి పెట్టె ఇన్‌కి ఇంకో తీగ. రెండోది ఎందుకని అడిగాను. "అక్నాలెడ్జిమెంటు కోసం" అన్నాడు. రిజిస్టర్డు పోస్టులాగే అన్నమాట! పెట్టె శబ్దాన్ని చిన్న చిన్న పొట్లాలు కట్టి పంపుతుంది. ఒక్కో పొట్లం 127 బైట్లు, అందులో అసలు సరుకు 120. చివర ఒక సరిచూపు అంకె. అవతలివాడు లెక్క చూసుకుని 'ముట్టింది' అంటే తర్వాతి పొట్లం. 'చెడిపోయింది' అంటే అదే మళ్ళీ. 'కాస్త ఆగు' అంటే ఆగుతుంది. రెండో తీగ లేకపోయినా పని నడుస్తుంది. జవాబు కోసం ఒక్క క్షణం, సెకనులో యాభయ్యో వంతు, చూసి, రాకపోతే పంపుకుంటూ పోతుంది. కాకపోతే దారిలో ఒక పొట్లం చిరిగితే అడిగేవాడుండడు.

ఇక అంకెల సంగతి. ఒకే తీగ మీద పది పెట్టెలుంటే 'ఈ ఉత్తరం ఎవరికి?' అన్న ప్రశ్న వస్తుంది. అందుకని ప్రతి పెట్టెకూ ఒక గుర్తింపు అంకె ఉంటుంది. కొందరు దాన్ని డివైస్ ఐడీ అంటారు, కొందరు ఎక్స్‌క్లూజివ్ ఛానల్ అంటారు. పంపేవాడు, పుచ్చుకునేవాడు ఇద్దరూ ఒకే అంకె మీద ఉండాలి. ఇందులో ఒక తిరకాసు! కొన్ని యంత్రాలు లెక్క సున్నా నుంచి మొదలెడతాయి, కొన్ని ఒకటి నుంచి. ఇక్కడ 1 అంటే అక్కడ 0. స్కూల్లో మొదటి బెంచీ ఏదో తేలక ఇద్దరు కుర్రాళ్ళు కొట్టుకున్నట్టు! రెండు వైపులా ఏమీ చెడిపోలేదు, అయినా మాట కలవదు. మా వాడు ఒక అంకె జరిపాడు. పెట్టె తెరమీద అంకెలు పరుగెత్తడం మొదలెట్టాయి.

పరుగు కాదు లెండి, నత్తనడక! మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లే పారతాయి. బైట్లలో 3,125. సీడీ నాణ్యతలో ఒక్క సెకను శబ్దమంటే 44,100 అంకెలు. ఒక్కో పొట్లంలో పట్టేది నలభై. అంటే పదకొండు వందల పైచిలుకు పొట్లాలు. లెక్క కడితే ఒక్క సెకను డప్పు చేరడానికి సుమారు నలభై అయిదు సెకన్లు! పది సెకన్ల తంబూరా, అదీ స్టీరియోలో అయితే పావుగంట. ఈ పెట్టె కడుపు నిండా, అంటే 32 మెగాబైట్లు నింపి పంపితే నాలుగు గంటల నలభై అయిదు నిమిషాలు. మ్యాట్నీకెళ్ళి తెర దించేదాకా ఉండి, దారిలో టీ తాగి తీరిగ్గా రావచ్చు.

అదైనా సాఫీగా నడిచిందా అంటే, మధ్యలో ఆగిపోయింది. ఒకటి కాదు, నాలుగుసార్లు! 'చెడిపోయింది, మళ్ళీ పంపు', 'చెడిపోయింది, మళ్ళీ పంపు'. తప్పు పెట్టెది కాదు, కోఠీలో చవగ్గా కొన్న యూఎస్‌బీ మిడి తీగది. అలాంటి తీగలు మెట్ల ఆజ్ఞల వరకు బాగానే మోస్తాయి, పొడుగాటి మూట ఎత్తితే కాళ్ళు మడతేస్తాయి. ఎవరో దగ్గర్నుంచి మంచి ఇంటర్‌ఫేస్ తెప్పించాక దెబ్బ దక్కింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ధడ్! ఎన్నో ఏళ్ళ కిందటి మంట వాసన వచ్చినట్టనిపించింది.

కంప్యూటర్ తెరమీద దాని పేరు చూద్దామని వంగాను. పేరు లేదు! ఒక అంకె మాత్రం ఉంది. ఈ శాంపిల్ డంప్ పద్ధతిలో నాదం పొడవు వెళ్తుంది, వేగం వెళ్తుంది, ఎక్కడినుంచి ఎక్కడికి తిప్పి తిప్పి మోగించాలో ఆ లూపు కూడా వెళ్తుంది. మొదట్లో రాసుకున్న ఒప్పందంలో పేరుకి మాత్రం చోటు పెట్టలేదు! ఏ మెట్టు కింద ఏ దెబ్బ ఉండాలన్న అమరిక కూడా వెళ్ళదు. నలుగురి దెబ్బలు వరసగా 1, 2, 3, 4 అని అనామకంగా దిగుతాయి.

"ఇది కుదరదు" అన్నాడు మా వాడు, తీగ పీకేసి.

కుర్రాడికి అర్థం కాలేదు. "శబ్దం వచ్చింది గదన్నా?"

"శబ్దం వచ్చిందిరా అబ్బాయ్. మనిషి రాలేదు."

స్కజీ దారి: ఎనిమిది మంది పెద్దలు, ఇద్దరు కాపలాదార్లు

రెండో దారి పేరు స్కజీ. అప్పట్లో హార్డు డిస్కులను కంప్యూటర్లకు కలిపిన లావాటి తీగ ఇదే. శాంప్లర్లు చేసినవాళ్ళు కూడా దీన్నే ఎంచుకున్నారు. పాత అకాయి పెట్టెల్లో స్కజీ కావాలంటే వేరే బోర్డు కొని పెట్టుకోవాలి, 3000 ఎక్స్‌ఎల్‌లో పుట్టుకతోనే ఉంది. మిడి ఎడ్లబండి అయితే ఇది ఎక్స్‌ప్రెస్ రైలు. మిడిలో గంటలు పట్టేది ఇందులో చూస్తుండగానే అయిపోతుంది. పైగా పెట్టె తన సొంత పద్ధతిలో, పేర్లతో సహా, అమరికతో సహా మొత్తం సంసారాన్నీ డిస్కు మీదికి దించేస్తుంది.

కానీ దీని మర్యాదలు వేరు. ఆ మర్యాదలు తెలీక ఎంతమంది ప్రోగ్రామర్లు తెల్లవార్లూ జుట్టు పీక్కున్నారో!

ఒకే గొలుసులో ఎనిమిది యంత్రాలు ఉండొచ్చు. అంకెలు 0 నుంచి 7 వరకు. ఇద్దరికి ఒకే అంకె పనికిరాదు. ఉంటే ఇద్దరూ ఒకేసారి 'ప్రెజెంట్ సార్' అంటారు, మేష్టారు బిగుసుకుపోతాడు. అందరిలోకీ 7 పెద్ద, సాధారణంగా అది కంప్యూటర్ది. మా వాడి శాంప్లర్ తనను తాను 6 అని చెప్పుకుంటోంది. పాత రోజుల్లో అందరూ వాడిన జిప్ డ్రైవ్ ఉండేది చూడండి, స్కజీ జిప్, దాని వెనక ఉన్న బుల్లి మీటకు రెండే స్థానాలు, 5 లేదా 6. శాంప్లర్ 6లో కూర్చుని ఉంటే జిప్‌ని 5కి జరపాల్సిందే. ఈ ఒక్క మీట చూసుకోక, యంత్రం చెడిపోయిందని మెకానిక్ దగ్గరికి మోసుకెళ్ళినవాళ్ళు ఉన్నారట.

రెండో మర్యాద టెర్మినేటర్. ఆర్నాల్డ్ సినిమా కాదు! గొలుసుకి రెండు కొసల్లోనూ ఒక్కో ముగింపు ఉండాలి. లేకపోతే తీగ చివరికి వెళ్ళిన సంకేతం గోడకు కొట్టిన బంతిలా వెనక్కి తిరిగొచ్చి, వెనకాల వస్తున్న సంకేతాన్ని ఢీకొంటుంది. కొసల్లో ఇద్దరు కాపలాదార్లు చాలు, మధ్యలో మూడోవాడు ఉంటే అదీ తంటాయే. మూడో మర్యాద, కరెంటు ఉండగా తీగ పీకడం, పెట్టడం చేయకూడదు. ముందు అన్నీ ఆపాలి, తీగలు పెట్టాలి, ముందు డిస్కును వెలిగించాలి, అది నిలదొక్కుకున్నాక శాంప్లర్ని వెలిగించాలి. శాంప్లర్ కళ్ళు తెరవగానే చుట్టూ ఎవరున్నారో చూసుకుంటుంది. అప్పటికి డిస్కు లేవకపోతే ఆ ఇంట్లో అదొక్కతే ఉన్నాననుకుంటుంది!

ఇంకో మాట. కంప్యూటరూ శాంప్లరూ ఒకే గొలుసులో ఉంటే, ఇద్దరూ ఒకే డిస్కు మీద ఒకేసారి చెయ్యి వేయకూడదు. ఒకే వంటింట్లో ఇద్దరు కోడళ్ళు. డిస్కు నాశనం.

ఇప్పటి కంప్యూటర్లకు స్కజీ రంధ్రమే లేదు, మరి ఇదంతా ఎందుకంటారా? అక్కడే ఉంది కిటుకు. అరచేతిలో పట్టే ఒక చిన్న బోర్డు దొరుకుతోంది. అందులో కెమెరాలో పెట్టే ఎస్‌డీ కార్డు పెడితే, ఆ బోర్డు 'నేను స్కజీ హార్డు డిస్కును' అని శాంప్లర్‌తో పచ్చి అబద్ధం చెబుతుంది! శాంప్లర్ నమ్మేస్తుంది. ఇలాంటి బోర్డుల్లో కొన్నిటికి మీటలు కూడా ఉండవు, కార్డులోని ఫైలు పేరులో ఉన్న అంకే దాని గుర్తింపు. మా వాడు 5 పెట్టాడు. శాంప్లర్ 6, కార్డు 5. గొలుసులో ఇద్దరే, ఇద్దరూ కొసలే, కాబట్టి రెండు వైపులా టెర్మినేటర్. ముందు బోర్డు, తర్వాత పెట్టె. మీట నొక్కాం...

కనిపించింది!

కార్డులోని ఆ ఫైలు డిస్కును శాంప్లర్ చేతే ఫార్మాట్ చేయించాడు, ఎందుకంటే ఆ రాత దానిది, కంప్యూటర్ది కాదు. ఇక ఒక్కో ఫ్లాపీ పెట్టడం, పెట్టె కడుపులోకి చదివించడం, కార్డు మీదికి దించడం. ప్రతి బిళ్ళకు ముందు రేకును పక్కకు జరిపి బూజు ఉందేమో దీపం కింద చూసేవాడు. అనుమానమున్నవాటిని వేరే గుట్ట పెట్టాడు. రెండోరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. కుర్రాడు "అయ్యో" అని కేక పెట్టాడు. మా వాడు నవ్వాడు. దించిన బిళ్ళలన్నీ అప్పటికే కార్డులో భద్రం, పోయింది ఆ క్షణాన కడుపులో ఉన్న ఒక్క బిళ్ళే.

చివరికి కార్డు తీసి కంప్యూటర్‌కి పెట్టి, అందులోని ఫైలును డిస్కులా తెరవబోతే, 'ఇదేం డిస్కో నాకు తెలీదు, చెరిపేసి కొత్తగా రాయమంటావా?' అని అడిగింది. అమ్మో! అక్కడ 'సరే' అన్నారో, అంతే సంగతులు! ఇలాంటి చోట్ల కంప్యూటర్ అడిగిన ప్రతిదానికీ తలూపకూడదు. అకాయి రాతను చదివే ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. అది తెరిస్తే, బుద్ధిగా వరసకట్టి, పేర్లతో సహా...

పన్నెండు అక్షరాల్లో మనిషి పేరు

అకాయి పెట్టెలో ఒక నాదానికి పేరు పెట్టాలంటే పన్నెండు అక్షరాలే దక్కుతాయి. అన్నీ పెద్దబడి ఇంగ్లీషు అక్షరాలు. అందులోనే డప్పు అని రాయాలి, సిర్రా పుల్లా చెప్పాలి, గట్టిదా మెల్లదా చెప్పాలి. ఆఖర్న మిగిలిన ఒక్క అక్షరంలో మా వాడు కొట్టిన మనిషి పేరులోని మొదటి అక్షరం పెట్టుకున్నాడు. ఆ అక్షరం ఎవరిదో మొదటి ఫ్లాపీ డబ్బాలో మడిచిన కాగితం మీద ఉంది. నాలుగు పేర్లు, ఊరు, తేదీ. మా వాడు ఆ కాగితాన్ని ఫొటో తీసి, ఫైళ్ళ పక్కనే పెట్టాడు. పేర్లన్నీ తెలుగులో, పూర్తిగా, ఎన్ని అక్షరాలైతే అన్ని అక్షరాల్లో టైపు చేశాడు.

ఆ నలుగురిలో ముగ్గురు ఇప్పుడు లేరు.

నాలుగో ఆయన ఉన్నాడని కుర్రాడే ఎవరెవరికో ఫోన్లు చేసి ఆరా తీశాడు. పాట గొడవలో ఉన్న కుర్రాడు ఆ పని చేస్తాడని నేననుకోలేదు, చెప్పొద్దూ! ఆదివారం సాయంత్రం ఫోను కలిసింది. మా వాడు ఎవరో చెప్పుకున్నాడు. పెద్దాయనకు గుర్తుంది. "ఒక్కొక్క దెబ్బ కొట్టుమన్న పిచ్చి సారు గదా?" అన్నాడట! గదిలో అందరం పగలబడి నవ్వాం.

స్పీకరు దగ్గర ఫోను పెట్టి ఒక్కొక్క దెబ్బ వినిపించాడు మా వాడు. మొదటిది. అవతల మౌనం. రెండోది. మూడోది. "గిది ఎవల పేరు మీద రాసినవు సారూ?" అని అడిగాడు పెద్దాయన.

"మీదే పెద్దాయనా."

"నాది గాదు. మా తమ్మునిది. వాని సిర్ర గట్లనే పడ్తది, జర ఆగి పడ్తది. ఇంకోపాలి కొట్టు."

మా వాడు మళ్ళీ కొట్టాడు. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి కొట్టాడు. పెద్దాయన మొత్తం ముప్ఫై రెండు దెబ్బలూ విన్నాడు. ఇరవై తొమ్మిదింటికి మా వాడి అక్షరం సరిపోయింది. మూడింటికి సరిపోలేదు, మూడూ తమ్ముడివే! మా వాడు అప్పటికప్పుడు ఆ మూడు ఫైళ్ళ చివరి అక్షరం మార్చాడు. పాట తాలూకు డబ్బులో పెద్దాయనకు, పోయినవాళ్ళ ఇళ్ళకు ఎంత వెళ్ళాలో మాట్లాడమని కుర్రాడిని తన సంగీత దర్శకుడి దగ్గరికి పంపాడు. పేర్లు నలుగురివీ టైటిల్స్‌లో పడాలని కూడా చెప్పి పంపాడు. పడతాయో లేదో నాకు తెలీదు, సినిమా రిలీజైన రోజు మొదటి ఆటకు వెళ్ళి చూస్తాను.

అరవై ఎనిమిదిలో అరవై ఒక్క బిళ్ళలు దిగాయి. ఏడు ఇంకా అనుమానపు గుట్టలోనే ఉన్నాయి. వాటిల్లో జమిడికది ఒకటుంది. బూజు తుడిచే మనిషి ఒకాయన ఉన్నాడట, వచ్చేవారం తీసుకెళ్తానన్నాడు మా వాడు. అందాకా ఆ ఏడింటినీ పెట్టె దగ్గరికి కూడా రానివ్వడం లేదు.